మా రోజుల్లో రాక్షసులు రాక్షసుల్లా ఉండేవాళ్ళు

మొన్న సెలవులకి మా మనవరాలు వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఉయ్యాలబల్ల మీద బోర్లా పడుకుని ఫోనులో ఏదో చదువుతూనే ఉంది. కాఫీ ఇస్తే చూడకుండానే తాగేసింది. జంతికలు పెడితే, పళ్ళెం ఖాళీ అయ్యాక కూడా చెయ్యి అందులో తడుముతూనే ఉంది. ముప్పై మూడేళ్ళు తెలుగు మాస్టారుగా బడిలో గొంతు చించుకున్నవాణ్ణి, చదివేవాళ్ళు కనిపిస్తే నాకు ఇప్పటికీ ముచ్చటే. దగ్గరికెళ్ళి "ఏం చదువుతున్నావే తల్లీ?" అన్నాను. తల ఎత్తకుండా "ఫాలెన్ ఏంజెల్ రొమాన్స్ తాతయ్యా" అంది.

అదేమిటో చెప్పమన్నాను. చెప్పింది. అప్పట్నుంచీ నాకు తిన్నది అరగడం లేదు.

చూడు నాయనా, ఇది చదివే నువ్వు కూడా ఆ బాపతే అయ్యుంటావు గనక ముందే చెబుతున్నా, కోప్పడకు. కోప్పడినా నాకు పోయేదేం లేదు, ఎడమ చెవి ఎలాగూ వినిపించదు.

కథ ఇదీ. అమెరికాలో సవానా అనే ఊరు. అక్కడ దారితప్పిన పిల్లల్ని బాగు చెయ్యడానికో బడి. అందులోకి లూస్ అనే పిల్ల వస్తుంది. అక్కడ డేనియల్ అనే కుర్రాడు ఉంటాడు. వాణ్ణి ఎప్పుడో, ఎక్కడో చూసినట్టు ఉంటుంది ఆ పిల్లకి. తీరా చూస్తే వాడు స్వర్గం నుంచి జారిపడ్డ దేవదూత. ఆ పిల్ల పుడుతుంది, పదిహేడేళ్ళు వచ్చేసరికి వీడు ఎదురవుతాడు, ప్రేమ ముదిరేసరికి చచ్చిపోతుంది. మళ్ళీ పుడుతుంది. వేల ఏళ్ళుగా ఇదే వరస. లారెన్ కేట్ అనే ఆవిడ రాసిన 'ఫాలెన్' అట, 2009లో వచ్చిందట. "జన్మజన్మల ప్రేమ తాతయ్యా, ఎంత కొత్తగా ఉందో!" అని మనవరాలు గుండె మీద చెయ్యి వేసుకుంది.

కొత్తా? 1964లో 'మూగమనసులు' చూసి మా ఊరు ఊరంతా ముక్కులు చీదుకుంటూ ఇళ్ళకొచ్చింది. జన్మలెత్తడానికి మాకు గోదావరి చాలింది, సవానా దాకా పోనక్కర్లేకపోయింది.

ఇంకోటి, అదే ఏడు వచ్చిన 'హష్, హష్'. బెక్కా ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే ఆవిడ రాసింది. ఇందులోనూ జారిపడ్డ దేవదూతే. పేరు ప్యాచ్. ప్యాచ్ అంటే మాసిక. మా రోజుల్లో లాగు వెనకాల వేసేవాళ్ళు. ఇప్పుడు దేవదూతలకి పేరు పెడుతున్నారు. ఈ మాసికగారు బయాలజీ క్లాసులో అమ్మాయి పక్కన వచ్చి కూర్చుంటాడు. అసలు వాడు ఆ పిల్లని చంపాలనుకుంటాడు, చంపలేక ప్రేమిస్తాడు. వీటికి ముందు, 2005లో 'ట్విలైట్' అని వచ్చి ప్రపంచాన్ని ఊపేసిందట. అందులో కుర్రాడు రక్తం తాగే పిశాచం. వాడూ బయాలజీ క్లాసులోనే అమ్మాయి పక్కన కూర్చుంటాడు!

ఈ బయాలజీ సంగతి నాకు ఎంతకీ అర్థం కాలేదు. మా బడిలో బయాలజీ గది అంటే సీసాలో కప్ప, గోడకి పేగుల బొమ్మ. ఆ మందు వాసనకి దేవదూత మాట దేవుడెరుగు, బంట్రోతు కూడా గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. పైగా ఆ పిశాచం కుర్రాడు పుట్టింది 1901లోనట. నూరేళ్ళు దాటినా ఇంకా హైస్కూల్లోనే ఉన్నాడు. మా రోజుల్లో ఒక క్లాసు రెండుసార్లు తప్పితే మూడోసారి నాన్న చేతికి ములుకోల ఇచ్చి పొలం పంపేసేవాడు. నూరేళ్ళు తప్పినవాణ్ణి చూసి "అబ్బ, ఎంత పరిణతి!" అనుకునే ఆడపిల్లలు ఇప్పుడే పుట్టారు.

మా రోజుల్లో చెడ్డవాడు చెడ్డవాడిలా ఉండేవాడు, చూడగానే తెలిసిపోయేది. 'పాతాళభైరవి' 1951లో వచ్చింది. అప్పటికి నేను ఒళ్ళో పిల్లాణ్ణి. చూసింది చాలా ఏళ్ళ తరవాత, పక్క ఊరి టూరింగ్ టాకీసులో. ఒకటే మిషను, రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. నేల టిక్కెట్టు జనం ఇసక పోగేసుకుని పీటలా చేసుకుని కూర్చునేవాళ్ళు. వెనకవాడికి అడ్డమొచ్చి వాడు తిడితే కాస్త ఇసక తగ్గించేవాళ్ళు. మా చిన్నాన్న అయితే ఇంట్లోంచి వేరుశనక్కాయలు కండువాలో మూటగట్టుకుని వచ్చి, సినిమా అయ్యేసరికి మా చుట్టూ తొక్కలతో కోట కట్టేవాడు... ఏం చెబుతున్నాను? ఆఁ, ఎస్వీ రంగారావు. నేపాళ మాంత్రికుడు తెర మీదికి వచ్చాడంటే, ఆ గడ్డం, ఆ కళ్ళు, ఆ నడక, చంటిపిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్ళు. "వీడి మనసు లోపల మంచిదేమో, వీణ్ణి ఎవరైనా ప్రేమిస్తే మారతాడేమో" అని ఒక్కరికైనా అనిపించిందా? అనిపిస్తే ఆ పిల్లని మర్నాడే భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయేవాళ్ళు.

"మరి 'మాయాబజార్'లో ఘటోత్కచుడు? అదీ రంగారావే కదా, అందరికీ ఇష్టమే కదా?" అని అడుగుతావు. మనవరాలు ఆ మాట అడగనే అడిగింది. అది వేరమ్మా. రాక్షసుడు మన వైపువాడైతే ఆ లెక్క వేరు.

ఇప్పుడు రాక్షసులకి గడ్డం లేదు, కోరలు లేవు. తోలు జాకెట్టు తొడుక్కుని మోటారుసైకిలు మీద వస్తారు. ఉంగరాల జుట్టు, నల్లటి కళ్ళు. కళ్ళలో బాధ. ఆ బాధ ఏమిటో నాలుగు వందల పేజీలకి గానీ చెప్పరు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి, మీరు ఎలాగూ పట్టేస్తారు. అందమైన సైతాను ఈ తరం కనిపెట్టింది కాదు. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా ఇంగ్లీషు లెక్చరరుగారు అట్టలూడిన పుస్తకం ఒకటి ఇచ్చి, "ఎవరికీ చెప్పకు, సిలబస్‌లో లేదు" అన్నారు. మేరీ కొరెల్లి రాసిన 'ది సారోస్ ఆఫ్ సేటన్', 1895 నాటిది. సైతాను రాకుమారుడి వేషంలో లండనుకి వస్తాడు. అందగాడు, మాటకారి. తిండికి లేని ఓ రచయితకి స్నేహితుడై వాణ్ణి డబ్బుతో చెడగొడతాడు. చిత్రమేమిటంటే, వాడు లోలోపల కోరుకునేది మనుషులు తనని కాదనాలని. ఒక్కొక్కరు కాదన్నప్పుడల్లా వాడు స్వర్గానికి ఒక్కో మెట్టు దగ్గరవుతాడు. అయినా వాడి పని ఆశ పెట్టడమే. ఆశ పెట్టాలి, కాదనిపించుకోవాలని లోపల ఏడవాలి. హాస్టల్లో దుప్పటి కింద టార్చిలైటు పెట్టుకుని చదివాను. సైతాను మీద జాలేసి రెండు రోజులు భోజనం సయించలేదు. అది వేరే సంగతి. ఆ రోజుల్లో హాస్టలు భోజనం ఎలాగూ సయించేది కాదు.

ఆ పుస్తకం చదువుతున్నప్పుడే నాకు మా ఊరి శ్రీరామనవమి పందిరి గుర్తొచ్చింది. హరికథ. దాసుగారు కాలికి గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో దండ. పక్కన పెట్రోమాక్సు లైటు బుస్సుమంటోంది, చుట్టూ పురుగులు. జయవిజయుల కథ చెబుతున్నాడు. వైకుంఠం వాకిలి కాసేవాళ్ళు, మునుల్ని అడ్డగించి శాపం పాలయ్యారు. ఏడు జన్మలు మిత్రులుగా పుట్టి వస్తారా, మూడు జన్మలు శత్రువులుగా పుట్టి వస్తారా అని స్వామి అడిగాడు. అన్నాళ్ళు మిమ్మల్ని విడిచి ఉండలేం, మూడే చాలు, శత్రువులమే అవుతాం అన్నారు. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు. దాసుగారు ఇక్కడ చిడతలు ఆపి ఒక్క క్షణం ఊరుకున్నాడు. నా పక్కన కూర్చున్న మా బామ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పాపం, తొందరగా ఇంటికెళ్ళాలని!" అంది.

నాకప్పుడు పదేళ్ళు. హిరణ్యకశిపుడి కోసం ఏడ్చేవాళ్ళు లోకంలో ఉంటారని ఆ రాత్రే తెలిసింది. మా బామ్మకి సంతకం పెట్టడం రాదు, వేలిముద్రే. జారిపడ్డ దేవదూత అంటే ఏమిటో ఆవిడకి ఒక్క వాక్యంలో తెలిసిపోయింది. మీరేమో దానికి నాలుగు సంపుటాలు రాసి, పైన సినిమా తీసి, అప్పటికీ తేల్చరు.

నాలుగు సంపుటాలంటే గుర్తొచ్చింది. ఆ 'ఫాలెన్' వరస పుస్తకాలు నాలుగింటినీ మా మనవరాలు నాలుగు రోజుల్లో నమిలేసింది. ఇదేం చదువు? మా రోజుల్లో 'చందమామ' నెలకి ఒక్కసారి వచ్చేది. దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియలు, దానికి చిత్రాగారి బొమ్మలు. ఒంటికన్ను భూతమో, తోకచుక్కో, మొసలి మొహం దేవతో, కథానాయకుడు సరిగ్గా కొండ అంచున వేలాడుతూ ఉండగా "ఇంకా వుంది" అని పడేది. ఇంక నెల్లాళ్ళు వాడు అక్కడే వేలాడేవాడు. మేం బడికెళ్ళినా, చెరువులో ఈదినా, పశువులకి గడ్డి వేసినా, మనసు ఆ కొండ అంచునే. పై నెల కథ మేమే కల్పించుకునేవాళ్ళం. మేం కల్పించిందే బాగుండేదని నాకు ఇప్పటికీ అనుమానం. మా తాతగారికైతే 'కాశీమజిలీ కథలు'. మధిర సుబ్బన్న దీక్షితులుగారు రాసిన పన్నెండు భాగాలు. మజిలీకో కథ. గంధర్వులు, యక్షిణులు, శాపాలు, తప్పిపోయిన రాకుమారులు. చదివేవాడు నడుస్తూ చదివినా కాశీ చేరతాడు, పుస్తకం పూర్తవదు.

ఆ తరవాత అద్దె పుస్తకాల షాపులొచ్చాయి. రోజుకింత అని లెక్క. ఎనభైల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చేటప్పుడు మా వీధి వీధంతా చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్ళడం మానేసింది. అప్పటికి నేను మాస్టార్ని. ఇలాంటి క్షుద్ర సాహిత్యం పిల్లల బుర్రలు పాడుచేస్తుందని ప్రార్థన దగ్గర నిలబెట్టి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. తొమ్మిదో తరగతి కుర్రాడి సంచిలో పత్రిక దొరికితే లాక్కున్నాను. లాక్కుని ఏం చేశానని అడక్కు. స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారికీ నాకూ దాని కోసం చిన్న తగువు కూడా అయింది.

ఏమైనా, అప్పుడు భయం ఉండేది. భయానికి కావలసింది చీకటి. మా ఊరికి కరెంటు వచ్చేసరికి నాకు మీసాలొచ్చాయి. ఊరి చివర చింతచెట్టు మీద దయ్యం, రావిచెట్టు కింద బ్రహ్మరాక్షసుడు, శ్మశానం వైపు కొరివిదయ్యం, ఎవరి చోటు వాళ్ళది, ఎవరి మర్యాద వాళ్ళది. ఇప్పుడు ఆ చింతచెట్టు దగ్గర ఎల్ఈడీ దీపం పెట్టారు. అర్ధరాత్రి దాని కింద పిల్లలు షటిల్ ఆడుతున్నారు. దయ్యం ఎక్కడికి పోవాలి? అందుకే పాపం ఫోనుల్లోకి పోయింది.

ఈ మాటలన్నీ మనవరాలితో అన్నాను. అంతా విని, చివరికి ఫోను పక్కన పెట్టి లేచి కూర్చుంది. అది లేచి కూర్చుందంటే నాకు గుండె గుభేలుమంటుంది. అచ్చం వాళ్ళ నాయనమ్మ లాగే.

"తాతయ్యా, మా కథల్లో రాక్షసులు ప్రేమించడమేమిటని కదా నీ గొడవ? మరి హిడింబి?"

హిడింబి సంగతి నేను మర్చిపోలేదు, తియ్యకుండా ఉంటే బాగుండునని అనుకున్నానంతే. అన్న హిడింబాసురుడు పంపాడు, పాండవుల్ని చంపి తీసుకురమ్మని. వెళ్ళింది, అందరూ నిద్రపోతుంటే మేలుకుని కాపలా కాస్తున్న భీముణ్ణి చూసింది, అంతే. అన్న మాటా, తన మనసా అని తేల్చుకుని అందమైన రూపం కట్టుకుని భీముడి ముందు నిలబడింది. నీ ప్యాచ్‌గారి కథ కూడా ఇదే కదా, తిరగేసి కుట్టిన మాసిక. కాకపోతే మా కథలో పద్ధతులుండేవి. భారతంలో ధర్మరాజు షరతు పెట్టాడు: పగలంతా ఎక్కడ తిరిగినా సరే, పొద్దుగూకేసరికి తమ్ముణ్ణి తెచ్చి మాకు అప్పగించాలి అని. రాక్షసి ప్రేమకి కూడా హాస్టలు టైమింగులు! ఇది విని అది నవ్వింది గానీ వదల్లేదు.

"మొన్న టీవీలో 'జగదేకవీరుని కథ' చూస్తూ మురిసిపోయావు కదా, 1961 సినిమా అని చెప్పి మరీ. దేవకన్య స్నానానికి దిగితే హీరో ఆవిడ చీర దొంగిలిస్తాడు. అది లేకపోతే ఆవిడ పైకి వెళ్ళలేదు. అలా ఆపేసి పెళ్ళాడతాడు. దాన్ని ప్రేమంటారా?"

"అది... చీర కదే... ఇంద్రుడి కూతురు కదా..." అన్నాను. ఏం సమాధానం అది? నాకే తెలియలేదు.

"సరే, నువ్వు ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పిన మనుచరిత్ర?"

ఇక్కడ నాకు ఊపిరొచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. పెద్దన మనుచరిత్ర జోలికొస్తే ఊరుకుంటానా! అరుణాస్పదపురం ప్రవరుడు, సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకి రాసుకుని హిమాలయానికి ఎగిరి వెళ్ళాడు. మంచుకి పసరు కరిగిపోయింది, తిరిగొచ్చే దారి లేదు. అక్కడ వరూధిని. ఆవిడ దేవజాతి, వీడు నిత్యాగ్నిహోత్రం చేసుకునే గృహస్థు. ఆవిడ ఎంత బతిమాలినా, ఏడ్చినా, మీద పడినా, తోసేసి, అగ్నిని వేడుకుని ఇల్లు చేరాడు. "నీ పుస్తకాల్లో అంతస్సంఘర్షణ అంటూ వంద పేజీలు నలుగుతారే, ఇక్కడ మంచు మీద రెండు కాళ్ళూ మొద్దుబారి నిలబడ్డవాడిది కాదా సంఘర్షణ?" అని గొంతు పెంచాను.

"బాగుంది. తరవాత?"

తరవాత ఏముంది, వరూధిని లోగడ కాదన్న గంధర్వుడు ఒకడు ప్రవరుడి వేషం వేసుకుని వచ్చాడు. కూడినప్పుడు కళ్ళు మూసుకోవాలని షరతు పెట్టాడు. ఆవిడ నమ్మింది. కొన్నాళ్ళుండి ఏదో సాకు చెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడకి స్వరోచి పుట్టాడు.

"ఆవిడకి నిజం తెలిసిందా?"

"...లేదు."

"అంటే వద్దన్నవాడు వేషం మార్చుకొచ్చి మోసం చేశాడు. ఇప్పుడైతే కేసు. నువ్వు పాఠం చెప్పినప్పుడు పిల్లల్ని ఏం ప్రశ్నలడిగేవాడివి?"

ప్రవరుని శీలమును వర్ణింపుము. అదే అడిగేవాణ్ణి. ముప్పై మూడేళ్ళు. పది మార్కులు. వరూధిని గురించి ఒక్క మార్కు ప్రశ్న కూడా ఇవ్వలేదు. ఈ సంగతి దానికి చెప్పలేదు, నీకు చెబుతున్నాను. నువ్వెవరో నాకు తెలియదు గనక ఫరవాలేదు.

మాట తప్పించడానికి అసలైన మోహినిని నేను చూడబోయిన కథ ఎత్తుకున్నాను. నాకప్పుడు పదిహేడు. రెండో ఆట చూసి ఒక్కణ్ణే వస్తున్నాను. తాటితోపు మధ్య బండిబాట, అటూ ఇటూ చీకటి. ఆ తోపులో మోహినీ పిశాచం ఉందని, మల్లెపూల వాసన, వెనక గజ్జెల చప్పుడు వస్తే తిరిగి చూడొద్దని మా బామ్మ వందసార్లు చెప్పింది. సగం దూరం వచ్చేసరికి వాసన వచ్చింది. నిజంగా వచ్చింది. వెంటనే గజ్జెలు. ఘల్లు, ఘల్లు. నాకు కాళ్ళు వణుకుతున్నాయి. ఆంజనేయ దండకం సగం దాకా వచ్చి ఆగిపోయింది. పరిగెత్తమని ఒక కాలు, ఆగమని ఒక కాలు. ఇంత చెప్పాక దాచడమెందుకు, జేబులోంచి దువ్వెన కూడా తీశాను. గజ్జెలు దగ్గరికొచ్చాయి. మెల్లిగా తిరిగి చూశాను.

ఎద్దులు. మెడలో మువ్వలు. బండి నిండా బుట్టలు, తెల్లారుజాము బజారుకి పట్టుకుపోతున్న మల్లెపూలు. బండివాడు నిద్రపోతున్నాడు.

మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం నవ్వు రాలేదు నాయనా. ప్రాణం దక్కినందుకు సంతోషించాలా, ఎద్దయినందుకు ఏడవాలా అని ఇంటిదాకా తేల్చుకోలేకపోయాను. దానికి మీరు ఇప్పుడు ఏదో పేరు పెట్టారు, మనసులో సంఘర్షణ అనో ఏదో. మాకు దానికి పేరు లేదు. దువ్వెన ఉండేది.

నవ్వడం ఆపి అది ఉన్నట్టుండి అడిగింది, "సరే తాతయ్యా, ఒకవేళ ఎద్దు కాకపోయుంటే? నిజంగా మోహినే అయ్యుంటే? ప్రవరుడిలా వెళ్ళిపోయేవాడివా, ఆగేవాడివా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వాళ్ళ నాయనమ్మకి ఎనభై దగ్గర పడుతున్నా చెవులు మాత్రం రెండూ బ్రహ్మాండంగా పనిచేస్తాయి.

"ప్రవరుడిలానే" అన్నాను, కాస్త గట్టిగా. "తోసేసి వెళ్ళిపోయేవాణ్ణి. మా రోజుల్లో అలానే ఉండేవాళ్ళం."

గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది. ఇందాకటికంటే కొంచెం గట్టిగానే.